గేరు మొరాయిస్తే.. గేర్‌బాక్సు దించాల్సిందేనా?

షెడ్డుకు తోలేముందు డ్రైవరే తేల్చుకోదగిన సంగతులు

శావల్యాపురం: మిర్చి కోతలు ముమ్మరమయ్యాయంటే నరసరావుపేట - వినుకొండ మార్గంలో తెల్లవార్లూ లారీల రొద సాగుతూనే ఉంటుంది. టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్తుంటాయి. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల వైపు సిమెంటు బస్తాలు, పత్తి బేళ్లు, ధాన్యం ఎటు పోవాలన్నా ఈ బండ్లే దిక్కు. గుంటూరు - గుంతకల్లు రైలు మార్గంలో ఉన్న శావల్యాపురం, నడికుడి - శ్రీకాళహస్తి కొత్త మార్గంతో కూడలిగా మారింది. అయినా కళ్లంలోని సరకు కదలాలంటే లారీ రావాల్సిందే. ఈ లారీల యజమానుల్లో ఒకటి, రెండు బండ్లతో బతుకు నెట్టుకొచ్చేవారే ఎక్కువ. చాలాచోట్ల యజమానే డ్రైవరు.

అలాంటి యజమానిని బ్రేక్‌డౌన్ కన్నా ఎక్కువగా బాధపెట్టే జబ్బు ఒకటుంది. బండి నడుస్తూనే ఉంటుంది కానీ గేరు సాఫీగా పడదు. రాడ్డును రెండు చేతులా లాగాల్సి వస్తుంది. ఒక్కోసారి కర్రుమని అరుస్తుంది, ఒక్కోసారి న్యూట్రల్‌కు వచ్చి మళ్లీ ఏ గేరులోకీ వెళ్లనంటుంది. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మొదటి మాట ‘గేర్‌బాక్సు దించి చూడాలి’ అన్నదే. దించడం, విప్పడం, సామాను తెప్పించడం, మళ్లీ ఎక్కించడం పూర్తయ్యేసరికి రెండు మూడు రోజుల బాడుగ పోతుంది. ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు. తీరా బండి రోడ్డెక్కాక గేరు మళ్లీ అలాగే మొరాయిస్తే, అసలు లోపం గేర్‌బాక్సులో లేదని, క్లచ్ లైనులోని ఒక చిన్న రబ్బరు వాషరులో ఉందని అప్పుడు తెలుస్తుంది.

గేరు గట్టిగా పడటమన్నది రోగం కాదు, లక్షణం మాత్రమే. జ్వరానికి కారణాలు పది ఉన్నట్లే దీనికీ ఉన్నాయి. వాటిలో సగానికి పైగా గేర్‌బాక్సు బయటే ఉంటాయి. ఎక్కడుందో తేల్చడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. వరుస తప్పకుండా చూస్తే అరగంటలో చాలావరకు తెలిసిపోతుంది.

లోపల జరిగేదేమిటి?

గేరు మార్చే ఆ ఒక్క క్షణంలో ఏం జరుగుతుందో తెలిస్తే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది. ఉదాహరణకు నాలుగో గేరు నిష్పత్తి 1.5, ఐదో గేరు నిష్పత్తి 1 అనుకుందాం. ఇంజిను నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతుండగా నాలుగు నుంచి ఐదుకు మార్చాలి. చక్రాల వైపు షాఫ్టు అప్పటికి 1,200 చుట్లు తిరుగుతోంది. బండి వేగం ఒక్కసారిగా మారదు కాబట్టి అది అలాగే తిరుగుతుంటుంది. అంటే క్లచ్ ప్లేటు, దానికి తగిలిన షాఫ్టు, లోపలి గేర్ల బారు అంతా 1,800 నుంచి 1,200కు దిగిరావాలి. అప్పుడే పన్ను పంటిలో కూర్చుంటుంది.

ఆ 600 చుట్లను తగ్గించే పని సింక్రోనైజర్ రింగులది. మన మేస్త్రీలు కోన్ రింగులనేవి ఇవే. రింగు లోపలి వాలు గేరు కోనును ఒరుసుకుని బ్రేకులా పట్టుకుంటుంది. రెండింటి వేగం కలిసేదాకా స్లీవును ముందుకు పోనివ్వదు. డ్రైవరు చేతికి తగిలే బరువు ఆ అడ్డుకోవడమే. క్లచ్ పూర్తిగా విడిపోయి ఉంటే రింగు కేవలం ప్లేటు, షాఫ్టుల బరువును ఆపితే చాలు. క్లచ్ సగమే విడిపోతే మాత్రం ఆ చిన్న రింగు తిరుగుతున్న ఇంజినుతో కుస్తీ పట్టాల్సి వస్తుంది. రాడ్డు బరువెక్కేది, రింగులు మాడేది అక్కడే.

సింక్రోమెష్ పద్ధతిని కార్లలో తొలిసారి 1928లో అమెరికాలోని కాడిలాక్ సంస్థ ప్రవేశపెట్టింది. లారీలకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. పాతతరం లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టి, చెవితో ఇంజిను మోత పోల్చుకుని గేరు వేసేవారు. అప్పట్లో రింగు చేయని పనిని డ్రైవరు కాలే చేసేది. అమెరికాలోని భారీ లారీల్లో నేటికీ సింక్రోనైజర్లు లేని గేర్‌బాక్సులు తిరుగుతున్నాయి. వాటిలో షాఫ్టును ఆపడానికి క్లచ్ బ్రేకు అనే చిన్న బిళ్ల ఉంటుంది. బండి నిలిచి ఉండగా మొదటి గేరో, రివర్సో వేయడానికే దాన్ని వాడాలి.

ఇంజిను ఆపి చూడటమే తొలి పరీక్ష

బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు కట్టెలు పెట్టాలి. బండి కింద ఎవరూ ఉండకూడదు. ఇంజిను ఆపి, క్లచ్ తొక్కి, ఒక్కొక్క గేరూ వేసి తీయాలి. ఎక్కడైనా పన్నుకు పన్ను ఎదురుగా నిలిస్తే గేరు పడకపోవచ్చు. అది లోపం కాదు. క్లచ్ ఒకసారి వదిలి తొక్కినా, బండిని కాస్త ముందుకూ వెనక్కూ కదిపినా పడిపోతుంది.

ఇంజిను ఆపినప్పుడు గేర్లన్నీ వెన్నలో కత్తిలా పడుతూ, స్టార్టు చేయగానే మొరాయిస్తే అనుమానం క్లచ్ మీదికి పోవాలి. ఇంజిను ఆపినా రాడ్డు బరువుగానే ఉంటే లోపం రాడ్డు నుంచి గేర్‌బాక్సు దాకా ఉన్న అమరికలోనో, గేర్‌బాక్సు లోపలో ఉన్నట్లు. ఈ ఒక్క పరీక్షతో దారి రెండుగా చీలిపోతుంది. ఇది చేయకుండా స్పానరు పట్టుకోవడం చీకట్లో సూది వెతకడమే.

మూడో రకం కూడా ఉంది. గేరు పడటం కాదు, తీయడమే కష్టమవుతుంది. క్లచ్ తొక్కినా పళ్ల మీద ఇంకా ఇంజిను లాగుడు ఉందని దానర్థం. అది కూడా ఎక్కువగా క్లచ్ వైపే వేలు చూపిస్తుంది.

రివర్సు గేరు చెప్పే నిజం

క్లచ్ విడిపోతోందో లేదో తేల్చడానికి పాత మేస్త్రీలు వాడే ఉపాయం ఒకటుంది. చాలా బండ్లలో రివర్సు గేరుకు సింక్రోనైజర్ ఉండదు. అంటే లోపలి షాఫ్టు తిరుగుతుంటే అది దాచదు, అరిచి చెబుతుంది. ఇంజిను ఐడిల్‌లో ఉంచి, న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, నెమ్మదిగా పది లెక్కపెట్టాలి. అప్పుడు రివర్సు వేయాలి. క్లచ్ బాగుంటే ఆపాటికి షాఫ్టు ఆగిపోయి ఉంటుంది, గేరు చప్పుడు లేకుండా పడుతుంది. కర్రుమంటే క్లచ్ ఈడుస్తున్నట్లు. ఐడిల్ వేగం ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉన్నా బండి నిలిచి ఉన్నప్పుడు గేరు అరుస్తుంది కాబట్టి ముందు దాన్ని సరిచూసుకోవాలి.

ఈ పరీక్షలోనే మరికొన్ని విషయాలు బయటపడతాయి. పెడలును రెండు మూడుసార్లు గబగబా కొట్టి వేస్తే గేరు తేలిగ్గా పడుతోందా? లైనులో గాలి చేరి ఉండవచ్చు, లేదా పెడల్ ఆట ఎక్కువై ఉండవచ్చు. తొక్కిన వెంటనే బాగానే ఉండి, తొక్కిపట్టి ఉంచితే కొద్ది క్షణాల్లో మళ్లీ ఈడుస్తోందా? అయితే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు అరిగి ఆయిల్ వెనక్కి జారుతోంది. ఇలాంటిచోట బయట ఒక్క చుక్క కూడా కారదు. అందుకే ‘లీకేజీ లేదు, క్లచ్ బాగానే ఉంది’ అన్న మాటను నమ్మడానికి వీల్లేదు.

ఆ తర్వాత గేర్‌బాక్సు పక్కనున్న స్లేవ్ సిలిండర్‌ను చూడాలి. ఒకరు క్యాబిన్‌లో క్లచ్ తొక్కుతుంటే, మరొకరు బయట నుంచి దాని పుష్‌రాడ్ ఎంత కదులుతోందో స్కేలుతో కొలవాలి. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మోడల్‌కో లెక్క కాబట్టి పక్క బండి కొలత దీనికి పనికిరాదు. కదలిక తక్కువగా ఉంటే లోపం పెడలు నుంచి స్లేవ్ దాకా ఉన్న దారిలోనే ఉంది. అంటే గేర్‌బాక్సు దించే పనే లేదు. గాలి తీయడం, వాషర్ల కిట్టు మార్చడం, పెడల్ ఆట సరిచేయడంతో పోతుంది.

ఇక్కడే పల్లెల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. క్లచ్ డబ్బాలో ఆయిల్ తగ్గిందని చేతికందిన ఇంజినాయిలో, హైడ్రాలిక్ ఆయిలో పోస్తుంటారు. ఆ లైనులో పోయాల్సింది బండి కంపెనీ చెప్పిన బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రమే. సాధారణంగా అది డాట్-3 లేదా డాట్-4 రకం. ఖనిజ నూనె తగిలితే అందులోని రబ్బరు వాషర్లు ఉబ్బి సిలిండర్‌లో బిగుసుకుపోతాయి. ఒక్కసారి పోస్తే మాస్టర్, స్లేవ్ రెండింటి కిట్లూ మార్చి, పైపులు కడగాల్సిందే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత సరిగా లేని డబ్బాలో, ఏళ్ల తరబడి మార్చని లైనులో సిలిండర్ గోడలు తుప్పు పట్టేది అందుకే.

పెద్ద లారీల్లో కాలికి సాయంగా క్లచ్ బూస్టరు ఉంటుంది. అది గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. పొద్దున్నే స్టార్టు చేసి, గాలి నిండకముందే గేరు వేయబోతే పెడలు రాయిలా ఉండటం సహజం. గేజి చూపించాల్సినంత చూపించాక కూడా అలాగే ఉంటే బూస్టరునో, దానికి వచ్చే గాలి పైపునో చూడాలి. ఇంజిను ఆపి క్లచ్ తొక్కినప్పుడు బుస్సుమన్న శబ్దం ఆగకుండా వస్తుంటే లీకు ఎక్కడుందో చెవే చెబుతుంది.

పుష్‌రాడ్ పూర్తిగా కదులుతూ కూడా రివర్సు అరుస్తోందంటే అప్పుడు లోపం బెల్ హౌసింగ్‌లో ఉంది. ప్లేటు వంకర తిరిగి ఉండవచ్చు, హబ్బు పళ్లు తుప్పుతో షాఫ్టు మీద జారకుండా ఉండవచ్చు, ఫింగర్లు అరిగి ఉండవచ్చు, రిలీజ్ బేరింగ్ ఫోర్కు వంగి ఉండవచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్. అరచేతిలో ఇమిడే ఈ బేరింగ్ పట్టేస్తే, క్లచ్ ఎంత చక్కగా విడిపోయినా ఫ్లైవీల్ తనతోపాటు షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది. కొత్త క్లచ్ సెట్టు వేసి పాత పైలట్ బేరింగును అలాగే వదిలేసిన బండి, నెల తిరగకుండా అదే షెడ్డుకు అదే జబ్బుతో రావడంలో వింత లేదు.

రాడ్డు, బుష్షులు, మౌంటింగులు

ఇంజిను ఆపినా రాడ్డు బరువుగా ఉంటే చేయాల్సిన పని ఒకటే. గేర్‌బాక్సు దగ్గర రాడ్డునో, కేబులునో విడదీసి, అక్కడున్న షాఫ్టును చేత్తో కదిపి చూడాలి. అది తేలిగ్గా కదిలితే గేర్‌బాక్సు నిర్దోషి. లోపమంతా క్యాబిన్ నుంచి అక్కడిదాకా ఉన్న రాడ్డుదే.

మట్టి డొంకల్లో, సున్నం దుమ్ములో తిరిగే బండ్లకు ఈ భాగమే ముందు దెబ్బతింటుంది. బాల్ జాయింట్ల రబ్బరు టోపీలు చిరిగి లోపలికి దుమ్ము చేరుతుంది, గ్రీజు ఎండిపోతుంది, వానాకాలంలో తుప్పు పడుతుంది. బుష్షులు అరిగితే రాడ్డు చేతిలో ఊగుతుంది. పైన గేరు పడినట్లే ఉంటుంది, లోపల స్లీవు సగమే ఎక్కుతుంది. లోడు పడగానే గేరు ఊడిపోతుంది. ఊడకుండా రాడ్డును చేత్తో పట్టుకుని నడిపే డ్రైవర్లున్నారు. ఆ ఒత్తిడి లోపలి ఫోర్కును రాసిరాసి అరగదీస్తుంది. గేరు ఊడటం అన్నది రాడ్డు జబ్బుగా మొదలై ఫోర్కు జబ్బుగా ముదిరేది ఇలాగే.

ఇంజిను, గేర్‌బాక్సు మౌంటింగులను కూడా చూడాలి. వాటి రబ్బరు కుంగితే గేర్‌బాక్సు కిందికి జారుతుంది, క్యాబిన్‌లోని రాడ్డు ఉన్నచోటే ఉంటుంది. కొలతలు తప్పుతాయి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు మాత్రమే గేరు మొరాయిస్తోందంటే, క్యాబిన్ ఎత్తి దించాకే ఈ బాధ మొదలైందంటే రాడ్డునూ మౌంటింగులనూ అనుమానించడం న్యాయం.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

పొద్దున్నే బిగుసుకుని, ఓ పది కిలోమీటర్లు నడిచాక తేలికపడే గేరుకు కారణం తరచూ చిక్కటి ఆయిలే. 80డబ్ల్యూ-90 వాడాల్సిన చోట, చిక్కగా ఉంటే గేర్లకు మంచిదన్న నమ్మకంతో 140 పోసేవారున్నారు. ఇది మేలు చేయబోయి కీడు చేయడమే. చిక్కటి ఆయిలును కోసుకుంటూ కోనును పట్టుకోవడం రింగుకు కష్టమవుతుంది. డిఫరెన్షియల్‌కు వాడే జీఎల్-5 ఆయిలును గేర్‌బాక్సులో పోయడం మరో తప్పు. కంపెనీ ప్రత్యేకంగా చెబితే తప్ప అది పనికిరాదు. అందులోని గంధకం, భాస్వరం కలిసిన మందులు ఇత్తడి రింగులను తినేసే ప్రమాదముంది. రింగుకు కావాల్సింది జారుడు కాదు, పట్టు. గేర్‌బాక్సు డబ్బా మీద చూసి కొనాల్సింది జీఎల్-4 అన్న అక్షరాలనా, మరొకటా అన్నది బండి పుస్తకమే చెప్పాలి.

ఆయిల్ మార్చేటప్పుడు పాతదాన్ని పారబోసే ముందు తెల్లటి గుడ్డ మీద వడగట్టి చూడాలి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి పట్టిన బూడిదరంగు ముద్ద సహజమైన అరుగుదల. బంగారు రంగులో మెరిసే పొడి కనిపిస్తే ఇత్తడి రింగులు అరుగుతున్నట్లు. గోటికి తగిలే ఉక్కు తునకలుంటే పళ్లో, బేరింగులో విరుగుతున్నట్లు. ఆ స్థితిలో బండిని నడపడం మానుకోవాలి. కాఫీలో పాలు కలిసినట్లుంటే నీళ్లు చేరాయి. వాగుల్లో, చప్టాల మీద నిండా నీటిలో నడిచిన బండ్లకు బ్రీదరు గుండా నీరు పోవడం కద్దు.

ఒక్క గేరేనా, అన్నీనా?

గేర్‌బాక్సు విప్పాలా వద్దా అన్నది తేల్చే ఆఖరి ప్రశ్న ఇదే. అన్ని గేర్లూ ఒకేలా కష్టంగా పడుతుంటే క్లచ్, ఆయిల్, రాడ్డుల్లోనే కారణం ఉండే అవకాశం ఎక్కువ. మిగతావి బాగుండి మూడో గేరు ఒక్కటే అరుస్తుంటే ఆ గేరు రింగు అరిగింది. రెండు గేర్లు జంటగా, అంటే రెండు - మూడు లేదా నాలుగు - ఐదు మొరాయిస్తే ఆ జంటకు ఉమ్మడిగా ఉన్న స్లీవునో, ఫోర్కునో చూడాలి. ఇప్పుడు మాత్రం గేర్‌బాక్సు దించక తప్పదు. విప్పాక కూడా కంటితో చూసి రింగు బాగుందనడం సరికాదు. రింగును కోను మీద నొక్కి, మధ్యనున్న సందును ఫీలర్ గేజితో కొలవాలి. సందు పుస్తకంలో చెప్పిన దానికన్నా తగ్గితే రింగు మెరుస్తూ కనిపించినా మార్చాల్సిందే.

తొమ్మిది గేర్ల పెద్ద బండ్లలో మరో చిక్కు ఉంది. రాడ్డు మీది మీట ఎత్తితే హై, దించితే లో మారేది గాలి ఒత్తిడితోనే. నాలుగు నుంచి ఐదుకు మారేచోటే ఇబ్బంది వస్తూ, మిగతావి సాఫీగా ఉంటే గేర్లను కాదు, ఆ మీటకు వచ్చే సన్నటి గాలి పైపును, వాల్వును, ఫిల్టరును ముందు చూడాలి. ట్యాంకుల్లోని నీటిని రోజూ వదలని బండ్లలో ఆ నీరే వాల్వులోకి చేరి దాన్ని పట్టించేస్తుంది.

ఘాట్‌లో ప్రాణం మీదికి

చదును రోడ్డు మీద గేరు పడకపోతే పోయేది సమయం. ఘాట్‌లో సంగతి వేరు. వినుకొండ దాటి గిద్దలూరు మీదుగా నంద్యాల వైపు వెళ్లే బండ్లు నల్లమల ఘాట్ దిగాలి. దోర్నాల నుంచి శ్రీశైలం దారీ అలాంటిదే. లోడుతో దిగుతూ మధ్యలో గేరు తగ్గించబోయి, పైగేరు తీసి కిందిగేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోయిన లారీకి ఇంజిను పట్టు పూర్తిగా పోతుంది. క్షణక్షణానికి వేగం పెరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ కిందిగేరు పడటం మరింత అసాధ్యమవుతుంది. డ్రైవరు బ్రేకును పదేపదే తొక్కితే లైనర్లు కాలి పట్టు సడలుతుంది, ట్యాంకులో గాలి తగ్గుతుంది. క్లచ్ బూస్టరుకు వచ్చేదీ అదే కంప్రెసర్ గాలి కాబట్టి, గేరు ఎక్కువ అవసరమైన వేళకే క్లచ్ కూడా బరువెక్కుతుంది.

ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల నియమం వెనకున్న కారణం ఇదే. వాలు మొదలుకాకముందే గేరు వేసుకుని, ఎగ్జాస్టు బ్రేకుతో దిగాలి. మధ్యలో మార్చక తప్పకపోతే, బ్రేకుతో వేగం తగ్గించి, న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, ఇంజినును కాస్త ఎగదోసి, మళ్లీ క్లచ్ తొక్కి వేయాలి. ముందు చెప్పుకున్న లెక్కలో ఐదు నుంచి నాలుగుకు దిగాలంటే షాఫ్టు 1,200 నుంచి 1,800కు పెరగాలి. రింగు ఒక్కటే చేయలేని ఆ పనిలో సగం ఇంజినుతో చేయించడమే డబుల్ క్లచ్. గేరు సరిగా పడని బండిని బాగుచేయించకుండా లోడుతో ఘాట్‌కు తోలడం మాత్రం ఏ బాడుగకూ తగని సాహసం.

2018లో కేంద్రం బరువు పరిమితిని పెంచి, మూడు యాక్సిళ్ల లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులు చేసింది. ఆ పరిమితిని కూడా దాటి నింపిన బండిని కదిలించడానికి సగం క్లచ్ మీద ఇంజినును రేజ్ చేస్తే ప్లేటు వేడెక్కి వంకర తిరుగుతుంది. అదే తర్వాత ‘గేరు పడటం లేదు’ అన్న ఫిర్యాదుగా మారుతుంది.

మేస్త్రీకి ఏం చెప్పాలి?

‘గేరు పడటం లేదు, చూడండి’ అని తాళాలు ఇచ్చేసి టీకొట్టు దగ్గర కూర్చుంటే మేస్త్రీ తనకు తోచిన చోట మొదలుపెడతాడు. ఇంజిను ఆపితే ఎలా ఉంది, నడుస్తుంటే ఎలా ఉంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఏ గేరు, వేయడమా తీయడమా, రివర్సు అరుస్తోందా, పుష్‌రాడ్ ఎంత కదిలింది, ఆఖరుసారి ఏ ఆయిల్ పోశారు అన్న సంగతులను కాగితం మీద రాసి ఇస్తే సగం పని అయినట్లే. పాత సామాను చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. గేర్‌బాక్సు నిజంగానే దించాల్సి వస్తే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, ముందు ఆయిల్ సీలు అదే విడతలో చూడించుకోవాలి. వాటి కోసం మళ్లీ దించితే కూలి రెండింతలవుతుంది.

బిగించాక షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి సరేననకూడదు. లోడు లేకుండా అన్ని గేర్లూ ఎక్కి దిగేలా పాతిక కిలోమీటర్లు నడపాలి. చల్లారాక లెవెల్ ప్లగ్గు విప్పి, ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉందో లేదో వేలితో చూసి, స్లేవ్ సిలిండర్ దగ్గర తడి లేదని తేల్చుకున్నాకే సరకు ఎక్కించాలి.